చిన్న ట్రక్కు క్యాంపర్ లోపలి అమరిక: ముందు ఖాళీని గీయండి, సామాను తరువాత

ట్రక్కు క్యాంపర్, అంటే పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో పెట్టుకొనే చిన్న ప్రయాణపు గది, దాని లోపలి నమూనా గీయడానికి కూర్చున్నవారు సాధారణంగా మొదట పడక గీస్తారు, తరువాత పొయ్యి, సింకు, ఫ్రిజ్, కూర్చొనే బల్ల గీస్తారు, చివరకు ఏమైనా చోటు మిగిలితే దానికి నడవ అని పేరు పెడతారు. నేనూ మొదటిసారి అలాగే గీశాను. కాగితం మీద అన్నీ ముచ్చటగా ఇమిడాయి గాని, కట్టిన తరువాత ప్యాంటు తొడుక్కోవాలంటే తలుపు తీసుకొని కిందికి దిగవలసి వచ్చేది. రెండవసారి ఆ క్రమాన్ని తలకిందులు చేసి, మనిషి నిలబడి, వంగి, తిరిగే ఖాళీని ముందు గీసి, దాని చుట్టూ మిగిలిన చోటులోనే సామానుకు స్థలం కేటాయించాను. ఈ వ్యాసం ఆ రెండవ పద్ధతిని గురించినది.

ఉదాహరణగా అమెరికాలో విరివిగా కనిపించే మధ్యతరహా పికప్‌ను, అంటే టయోటా టకోమా వంటి, 6 అడుగుల తొట్టి ఉన్న బండిని తీసుకొంటున్నాను. దాని తొట్టిలోకి దించి, అవసరం లేనప్పుడు జాకీల మీద పైకెత్తి తీసివేయగలిగే, పైకప్పు లేపుకొనే రకం క్యాంపర్ మన లక్ష్యం. ఇద్దరు పెద్దవాళ్ళు నాలుగైదు రోజులు తిరగడానికి ఇది సరిపోతుంది. ఫోర్డ్ ఎఫ్-150 వంటి పెద్ద ట్రక్కు ఉన్నవారికి చక్రాల గూళ్ళ (వెనుక చక్రాల మీద తొట్టిలోకి ఉబికి వచ్చే భాగాల) మధ్య 4 అడుగుల ప్లైవుడ్ షీటు చదునుగా పట్టేంత వెడల్పు ఉంటుంది కాబట్టి వారి పని కొంత తేలిక, కాని పద్ధతి మాత్రం అదే.

మొదటి కొలత టేపుతో తీసేది కాదు

డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద తెలుపు, పసుపు రంగుల స్టిక్కరు ఒకటి ఉంటుంది. మనుషులూ సామానూ కలిసి ఇన్ని పౌండ్లకు మించరాదని దాని మీద రాసి ఉంటుంది. ఆ అంకె ఒకే మోడలులోని రెండు బండ్లకు కూడా ఒకటిగా ఉండకపోవచ్చు, అందుచేత ప్రచార పత్రికలోని అంకెను కాక మీ తలుపు మీది అంకెనే నమ్మాలి. బండి కొన్న తరువాత మీరు బిగించిన ఇనుప బంపరు, కింది రక్షణ పలకలు మొదలైన వాటి బరువును అందులోనుంచి తీసివేయాలి.

స్టిక్కరు మీద 1,200 పౌండ్లు ఉన్నదనుకొందాం. ఇద్దరు మనుషులు కలిసి 310 పౌండ్లయితే 890 మిగులుతుంది. తేలికగా కట్టిన ఖాళీ గది 550 పౌండ్లయితే 340 మిగులుతుంది. ఒక గ్యాలను నీరు 8.34 పౌండ్లు తూగుతుంది కాబట్టి 20 గ్యాలన్ల నీటికి 167 పౌండ్లు పోతే మిగిలేది 173 మాత్రమే. అందులోనే ఫ్రిజ్, బ్యాటరీ, గ్యాసు, పరుపు, గిన్నెలు, బియ్యం, బట్టలు, లోపలి చెక్కపని అన్నీ సర్దుకోవాలి. ఈ లెక్క చూసిన తరువాత అలమారాలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాలన్న ఆలోచన దానంతట అదే మాయమవుతుంది. నాలుగు అడుగులు, ఎనిమిది అడుగుల బర్చ్ షీటు 18 మిల్లీమీటర్ల మందంలో సుమారు 36 కిలోలు, 9 మిల్లీమీటర్లలో సుమారు 18 కిలోలు ఉంటుంది. సొరుగుల అడుగులకూ తలుపులకూ 6 మిల్లీమీటర్లు చాలు. మూలల్లో సన్నని కర్ర బద్దలు జిగురుతో అతికిస్తే పలుచని చెక్క కూడా గట్టిగా నిలుస్తుంది.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. క్యాంపర్ గరిమనాభి, అంటే దాని బరువంతా కేంద్రీకరించినట్లుండే బిందువు, వెనుక ఇరుసుకు ముందువైపు పడాలి. అది ఎక్కడ పడాలో ట్రక్కు తయారీదారు ఇచ్చే క్యాంపర్ లోడింగ్ సమాచారంలో బొమ్మతో సహా చూపిస్తారు. ఇది ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ముందు వెనుక ఇరుసుల మధ్య 127 అంగుళాల దూరం ఉన్న బండిలో, వెనుక ఇరుసుకు 50 అంగుళాలు వెనకగా 60 పౌండ్ల నీటి డబ్బా వేలాడదీస్తే, ముందు చక్రాల మీదనుంచి సుమారు 24 పౌండ్లు లేచిపోయి వెనుక ఇరుసు మీద 84 పౌండ్లు పడతాయి. తక్కెడ సూత్రమే ఇది. స్టీరింగు తేలిపోవడం, కొండ దారుల్లో వెనుక భాగం ఊగడం ఇటువంటి తప్పుల వల్లనే వస్తాయి. కాబట్టి నీళ్ళు, బ్యాటరీ వంటి బరువైనవి కిందికి, ముందు గోడ వైపుకు పోవాలి. పరుపు, బట్టలు, ఎండు సరుకుల వంటి తేలికైనవి పైకీ వెనక్కీ పోవచ్చు. ఈ ఒక్క నియమం సగం నమూనాను మన ప్రమేయం లేకుండానే గీసి పెడుతుంది.

అడ్డుకోత బొమ్మ

చాలామంది పైనుంచి చూసినట్లు ఉండే బొమ్మ ఒక్కటే గీసి ఆగిపోతారు. తొట్టిలో దిగే క్యాంపర్‌కు అది చాలదు, ఎందుకంటే ఈ గది కింద ఇరుకుగానూ పైన వెడల్పుగానూ ఉంటుంది. తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తున్నట్లు అడ్డుకోత బొమ్మ గీయండి. టకోమాలో చక్రాల గూళ్ళ మధ్య సుమారు 41.5 అంగుళాలు ఉంటుంది. రెండు వైపులా అరేసి అంగుళం సందు, అంగుళం మందం గోడ వదిలితే లోపల నేల వెడల్పు 38.5 అంగుళాలు మిగులుతుంది. తొట్టి గోడల ఎత్తు సుమారు 19 అంగుళాలు కాబట్టి, లోపలి నేలనుంచి ఇంచుమించు 20 అంగుళాల ఎత్తున గది రెండు పక్కలకూ రెక్కలు చాచుకొని, బయటి కొలత 70 అంగుళాలుగా, లోపలి కొలత 68 అంగుళాలుగా విస్తరిస్తుంది. మన పాత ఇళ్ళలో గుమ్మానికి అటూ ఇటూ ఉండే అరుగులను తలచుకొంటే ఈ ఆకారం వెంటనే కంటికి కడుతుంది.

ఇప్పుడు ఖాళీని గీయాలి. భుజాలు పక్కకు తిప్పకుండా మనిషి నడవడానికీ, వంగి కింది అరలోంచి ఏదైనా తీయడానికీ 23 అంగుళాల వెడల్పు కావాలి. 20 అంగుళాలతో కూడా కాలం గడపవచ్చు గాని వంగినప్పుడల్లా వెనుక ఏదో ఒకటి తగులుతుంది. 38.5లో 23 తీసివేస్తే నేల మట్టంలో ఒక్కొక్క పక్క ఏడు ముప్పావు అంగుళాలు మాత్రమే మిగులుతాయి. పైన మాత్రం అదే నడవను వదిలినా ఒక్కొక్క పక్క 22.5 అంగుళాల లోతు దొరుకుతుంది, అది వంట గట్టుకు నిండుగా సరిపోయే లోతు. అంటే నడవను ఇరుకు చేసి గట్టును పెంచవలసిన పని లేనే లేదు. పైనుంచి చూసిన బొమ్మ ఒక్కటే గీసినప్పుడు నాకు ఈ సంగతి తట్టలేదు.

కింద మిగిలిన ఏడు ముప్పావు అంగుళాల సందును వృథా అనుకోకూడదు. 100 ఆంపియర్ గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సాధారణంగా 7 అంగుళాలకు లోపు వెడల్పుతో వస్తుంది, అది అక్కడ చక్కగా కూర్చుంటుంది. పనిముట్లు, గొట్టాలు, తాళ్ళు, నిలువుగా పెట్టిన పప్పు డబ్బాలు కూడా అక్కడికే చెందుతాయి.

ముందు గోడ దగ్గరి పెట్టె

గది పొడవు లోపల సుమారు 70 అంగుళాలు. ఇందులో ముందు గోడకు ఆనుకొని 18 అంగుళాల లోతున, నేల వెడల్పంతా, 19 అంగుళాల ఎత్తు పెట్టె ఒకటి కట్టమని నా సలహా. ఇది ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది. ఎడమ భాగంలో 16 అంగుళాల లోతు, 16 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు నీళ్ళ ట్యాంకు పడుతుంది, ఆ కొలతలో దాదాపు 20 గ్యాలన్లు వస్తాయి. కుడి భాగంలో మిగిలిన 20 అంగుళాల్లో చిన్న పోర్టబుల్ మరుగుదొడ్డి ఇముడుతుంది. పైభాగం పడక ఎక్కడానికి మెట్టవుతుంది. వర్షం పడే రోజున అదే మూడవ మనిషికి ఆసనం. ఇంతా చేసి నడవకు 52 అంగుళాల పొడవు మిగులుతుంది.

ట్యాంకు లోపల ఉండడానికి చలి కూడా ఒక కారణం. యూటా, కొలరాడో ఎత్తు ప్రాంతాల్లో వసంతకాలంలో కూడా రాత్రి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోతుంది. బయట బిగించిన ట్యాంకూ దాని గొట్టాలూ ముందు గడ్డకడతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని కూడా సున్నా కన్నా తక్కువలో ఛార్జి చేయకూడదు కాబట్టి దానికీ లోపలి చోటే తగినది. ట్యాంకు లోపల అడ్డుపలకలు లేకపోతే సగం నిండిన నీరు ప్రతి మలుపులోనూ అటూ ఇటూ విసురుతుంది. అడ్డుపలకలు ఉన్నది దొరకకపోతే 10 గ్యాలన్ల ట్యాంకులు రెండు పెట్టుకోవడం మేలు. ఒకటి పూర్తిగా వాడిన తరువాతనే రెండవదాన్ని తెరిస్తే ఎంత నీరు మిగిలిందో కూడా తెలుస్తుంది.

ట్యాంకు ఎడమకు పోయింది కాబట్టి వంట గట్టు, గ్యాసు, బ్యాటరీ కుడికి పోవాలి. అమెరికాలో రోడ్డు అంచు కుడివైపు ఉంటుంది, అందుచేత వంట దగ్గరి కిటికీ వాహనాల వైపు కాక చెట్ల వైపు తెరుచుకోవడం అదనపు లాభం.

పడక: అడ్డమా, నిలువా

డ్రైవరు క్యాబిన్ పైకి చొచ్చుకొని ఉండే భాగాన్ని నేను అటక అంటాను, దానికి అంతకన్న సరైన మాట నాకు దొరకలేదు. పడక అక్కడే ఉండాలన్నదాంట్లో వివాదం లేదు గాని, తల ఎటు పెట్టాలన్నది మొత్తం అమరికనే మార్చివేస్తుంది.

అడ్డంగా పడుకొంటే పొడవు 68 అంగుళాలు, అంటే 5 అడుగుల 8 అంగుళాలు. 5 అడుగుల 5 అంగుళాల లోపు ఎత్తున్న దంపతులకు అది సరిపోతుంది, పగలు పడకను ముట్టుకోనవసరం ఉండదు. కాని ముందువైపు పడుకొన్నవారు రాత్రి లేవాలంటే రెండవవారి మీదుగా దాటాలి. నిలువుగా, అంటే బండి పొడవు వెంట పడుకొంటే ఎవరికి వారు కాళ్ళవైపునుంచి దిగవచ్చు. అయితే అటక లోతు 55 అంగుళాలే ఉంటుంది కాబట్టి, సొరుగులా బయటికి లాగే 20 అంగుళాల పొడిగింపు పలక కావాలి. రెండూ కలిసి 75 అంగుళాలు, క్యాంపర్ల కోసం అమ్మే పొట్టి క్వీన్ పరుపు పొడవు అదే. వెడల్పు 60 అంగుళాలు.

సాధారణంగా నిలువు పడక మీద వచ్చే ఫిర్యాదు ఏమిటంటే, పలకను లాగగానే నిలబడే చోటు పోతుందన్నది. మన బొమ్మలో ఆ పలక కింద ఉన్నది 18 అంగుళాల పెట్టె కాబట్టి, నడవలోకి చొచ్చుకొని వచ్చేది 2 అంగుళాలు మాత్రమే. ఖాళీని ముందు గీసినందుకు దొరికిన ఫలం ఇది. ఒకరు నిద్రపోతుండగా మరొకరు కాఫీ పెట్టుకోగలిగితే ఆ క్యాంపర్‌లో కాపురం సవ్యంగా సాగుతుందని నా అనుభవం.

పరుపు మందం కోరుకొన్నంత ఉండదు. కప్పు దించినప్పుడు పరుపు పైన మిగిలే సందును కొలిచి, దుప్పట్లు, దిండ్లతో సహా పట్టేట్టు 3 లేదా 4 అంగుళాల గట్టి ఫోమ్ ఎంచుకోవాలి. దాని కింద చదునైన ప్లైవుడ్ వేస్తే ఒంటి వేడికి వచ్చిన తేమ చల్లని పలకను తగిలి నీరై, వారంలో బూజు పడుతుంది. కాబట్టి పలకకు బదులు బద్దలు గాని, గాలి ఆడే ప్లాస్టిక్ వల చాప గాని వేయాలి.

ఫ్రిజ్

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు పైకి మూత తెరిచేవి, ముందుకు తలుపు తెరిచేవి అని రెండు రకాలు. మూత తెరిచేదానిలో చల్లదనం నిలుస్తుంది, ధర కూడా తక్కువ. నేను దాన్నే కొని ముందు పెట్టె మీద, పొడిగింపు పలక కింద ఉన్న 21 అంగుళాల సందులో పెట్టాను. ఫ్రిజ్ ఎత్తు 17 అంగుళాలు, కొలత సరిపోయింది. మొదటి రాత్రి పడక లాగిన తరువాత తెలిసింది, దాని మూత తెరుచుకోవడానికి పైన చోటు లేదని. తెల్లవారి పాల కోసం పరుపంతా ఎత్తవలసి వచ్చింది. వస్తువు పట్టే చోటు వేరు, వస్తువు తెరుచుకొనే చోటు వేరు. బొమ్మలో ప్రతి తలుపుకూ, మూతకూ, సొరుగుకూ పూర్తిగా తెరిచినప్పటి గీతను చుక్కలతో గీయండి. ఆ చోట ముందుకు తెరిచే చిన్న ఫ్రిజ్ కుడివైపు పెట్టి, ఎడమ సగాన్ని మెట్టుగా వదిలేయడం సరైన పరిష్కారం. కంప్రెసర్ ఉన్న పక్క గాలి కోసం రెండు మూడు అంగుళాలు వదలాలి, లేకపోతే ఎండ రోజున అది ఆగకుండా తిరిగి బ్యాటరీని తినేస్తుంది.

వంట

కొనడానికి దొరికే క్యాంపర్లలో వంటగది వేడిచేసుకొని తినేవారిని దృష్టిలో పెట్టుకొని కట్టినట్లుంటుంది. అన్నం, పప్పు, తాలింపు చేసే ఇంటికి దాని కొలతలు పనికిరావు. ముందు మీ కుక్కరును తెచ్చి కొలవండి. మూడు లీటర్ల కుక్కరు పొయ్యి మీద పెట్టి, వెయిటు పెట్టిన తరువాత పైన కనీసం అడుగున్నర ఖాళీ ఉండాలి. ఆ పైన అర గాని, కప్పు లేపినప్పుడు సాగే గుడ్డ గోడ గాని ఉండకూడదు. ఆవిరి గుడ్డకు తగిలితే తడి, తాలింపు నూనె తగిలితే ఎన్నాళ్ళైనా వదలని వాసన, మంట తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అందువల్ల పొయ్యి తలుపు పక్కనే, కుడి గట్టు వెనుక చివర ఉండాలి. తలుపు తెరిచి, కప్పులోని ఫ్యాను బయటికి తిప్పితే పొగ లోపలికి రాకుండా పోతుంది. కప్పు ఫ్యాన్లకు 14 అంగుళాల చదరపు రంధ్రం ప్రామాణిక కొలత. దాన్ని సరిగ్గా పొయ్యి మీద కాకుండా కొంచెం లోపలికి, నడవ మధ్యలో పెట్టి, అటకలో చిన్న కిటికీ తెరిస్తే అదే ఫ్యాను రాత్రి పడక మీదుగా కూడా గాలి లాగుతుంది. చేపల వేపుడు, ఆవపెట్టిన కూర వంటివాటిని నేను బయటే చేస్తాను. అందుకు పొయ్యిని గట్టులో దించి బిగించకుండా, ఎత్తి బయటికి తీసుకుపోగలిగే ఒంటి పొయ్యిని గాడిలో కూర్చోబెట్టడం మంచిది.

గట్టు ఎత్తు అమెరికా ఇళ్ళలో 36 అంగుళాలు ఉంటుంది. రోటీలు ఒత్తేవారికీ, పొడవు తక్కువ ఉన్నవారికీ 33 లేక 34 మేలు. రెక్క మట్టం 20 అంగుళాలు కాబట్టి గట్టు కింద 13 అంగుళాల ఎత్తు, 22 అంగుళాల లోతు ఉన్న అర దొరుకుతుంది. అంత లోతైన అరకు తలుపు పెడితే వెనుక పెట్టిన చింతపండు డబ్బా ప్రయాణం ముగిసేదాకా కనబడదు. ఇక్కడ మాత్రం బరువైనా సొరుగులే పెట్టాలి. సొరుగులు నడవ వైపు, అంటే బండికి అడ్డంగా తెరుచుకొంటాయి కాబట్టి మలుపుల్లో బయటికి దూసుకొస్తాయి. అయస్కాంతపు గొళ్ళేలు వాటిని ఆపలేవు, నొక్కితే తెరుచుకొనే గట్టి లాచ్‌లు కావాలి.

ప్రొపేన్ వాడేటట్లయితే సిలిండర్ గదిలోకి తెరుచుకోని ప్రత్యేకమైన పెట్టెలో ఉండాలి. ప్రొపేన్ గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది, కారితే నేలబారున చేరుతుంది. కనుక ఆ పెట్టె అడుగుభాగంలో బయటికి రంధ్రం ఉండాలి, గ్యాసును పసిగట్టే అలారం నేల దగ్గర ఉండాలి. పొగ అలారం కప్పు దగ్గరా, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకొన్నవారికి వినపడే చోటా ఉండాలి. చలికి పొయ్యి వెలిగించుకొని పడుకోవడం ప్రాణాంతకం. హీటరు పెడితే మండడానికి కావలసిన గాలిని బయటినుంచి తీసుకొని, పొగను బయటికే వదిలే రకమే పెట్టాలి. తలుపు పక్కనే పొయ్యి ఉన్నందువల్ల అగ్ని ప్రమాదంలో ఆ దారి మూసుకుపోవచ్చు, కాబట్టి అటకలోని కిటికీ మనిషి దూరేంత పెద్దదిగా, లోపలినుంచి ఒక్క చేత్తో తెరిచేదిగా ఉండడం తప్పనిసరి.

ఇండక్షన్ పొయ్యి చాలామందికి ఇష్టం. 1,000 వాట్ల దగ్గర అరగంట వండితే 500 వాట్ గంటలు, ఇన్వర్టరులో పోయే నష్టం కలిపితే మరికొంత. 100 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ గంటలే. అంటే ఒక పూట వంటకు దాదాపు సగం బ్యాటరీ. అప్పుడు బ్యాటరీనుంచి 80 ఆంపియర్లకు పైగా లాగుతుంది కాబట్టి ఇన్వర్టరు బ్యాటరీకి రెండు మూడు అడుగుల లోపే ఉండాలి, మధ్యన తగిన ఫ్యూజు ఉండాలి. వంట గట్టు ఏ పక్కన ఉంటే బ్యాటరీని ఆ పక్కనే కింది సందులో పెట్టమనడానికి ఇది రెండవ కారణం.

కూర్చోవడం, చెప్పులు, మరుగుదొడ్డి

ఎడమ పక్క రెక్క మీద 52 అంగుళాల పొడవున ఆసనం వస్తుంది. రెక్క ఎత్తే 20 అంగుళాలు, దిండు వేస్తే 22. సుఖంగా కూర్చొనే ఎత్తు 17 లేక 18 కాబట్టి కాళ్ళు వేలాడతాయి. ఎడమ కింది సందు ముందు 4 అంగుళాల ఎత్తున మడిచే పలక ఒకటి పెడితే పాదాలకు ఆనిక దొరుకుతుంది. బల్లకు కాలు వద్దు, వంట గట్టు అంచునుంచి లాగి ఎదుటి గాడిలో ఆనించే పలక చాలు.

క్యాంపర్ నేల భూమికి మూడడుగుల ఎత్తున ఉంటుంది. బురద చెప్పులు ఎక్కడ విడుస్తారో బొమ్మలో చూపకపోతే అవి నడవ మధ్యలోనే విడవబడతాయి. తలుపు లోపల కుడి కింది సందులో చివరి 12 అంగుళాలను తలుపు లేని, కడగడానికి వీలైన ప్లాస్టిక్ తొట్టెగా వదలండి. ఎక్కడానికి తలుపు బయట వేసుకొనే మెట్టు పెట్టె మీద కూర్చొని చెప్పులు విడిచి, చేయి చాపి లోపల పడేసి, ఆ తరువాత ఎక్కడం అలవాటవుతుంది.

మరుగుదొడ్డిని ముందు పెట్టెలోంచి నడవలోకి లాగి వాడుకొంటారు. దాని ఎత్తు 13 అంగుళాలు కాబట్టి కప్పు దించి ఉన్నప్పుడు కూడా తల తగలకుండా కూర్చోవచ్చు. హైవే పక్కన ఆగినప్పుడు, గాలివానలో కప్పు లేపలేనప్పుడు ఈ ఒక్క కొలత విలువ తెలుస్తుంది. కాగితం కాక నీళ్ళు వాడే మన అలవాటుకు ట్యాంకునుంచి పొట్టి గొట్టం, చిన్న చేతి స్ప్రే అక్కడే ఏర్పాటు చేయాలి. ఒక్కొక్కసారికి పావు లీటరు లెక్క వేసుకొంటే నీళ్ళ లెక్కలో అది పెద్ద భారమేమీ కాదు, కాని దొడ్డి కింది తొట్టి మాత్రం త్వరగా నిండుతుంది.

అట్టపెట్టెల ఇల్లు

చెక్క కోయడానికి ముందు గ్యారేజీ నేల మీద మాస్కింగ్ టేపుతో 38.5 అంగుళాల వెడల్పు, 70 అంగుళాల పొడవు గీసి, ఫ్రిజ్‌లు వచ్చే పెద్ద అట్టపెట్టెలను కోసి పైన చెప్పిన ఎత్తులన్నిటినీ నిలబెట్టండి. కప్పు దించిన ఎత్తున ఒక తాడు, లేపిన ఎత్తున మరొక తాడు కట్టండి. ఇందులో ఇద్దరూ కలిసి ఒక సాయంత్రం నిజంగా గడపాలి, అంటే కుక్కరు పెట్టి దించాలి, పళ్ళేలు కడగాలి, ప్యాంటు మార్చుకోవాలి, అట్ట దొడ్డి మీద కూర్చొని లేవాలి, పడుకొన్నవారు చీకట్లో దిగి తలుపుదాకా పోవాలి. ఒకరు కదలడానికి మరొకరు చోటు ఇవ్వవలసి వచ్చిన ప్రతిసారీ ఒక గీత పెట్టండి. నా మొదటి అట్ట నమూనాలో ఒక గంట వంటకు 14 గీతలు పడ్డాయి. పొయ్యినీ సింకునూ తారుమారు చేసి, పొయ్యిని తలుపు వైపు జరిపిన తరువాత అవి ఐదుకు దిగాయి, కోసింది అట్ట తప్ప మరేమీ లేదు. లైటు స్విచ్చుల చోట్లు కూడా అప్పుడే తేలుతాయి: ఒకటి తలుపు దగ్గర చేతికి అందేట్టు, మరొకటి పడుకొని చేయి చాపితే అందేట్టు.

కట్టేటప్పుడు గోడలకు జిగురు వేసినా, లోపలి అలమారాలను గదికి అతికించకుండా స్క్రూలతోనే బిగించి, నట్లు కూర్చోబెట్టిన చోట్లను బొమ్మ మీద గుర్తు పెట్టుకోండి. మొదటి రెండు మూడు ప్రయాణాల్లో ఏదో ఒకటి చోటు మారుతుంది. అన్నీ సర్దిన తరువాత ట్యాంకు నింపి, ఇద్దరూ కూర్చొని, ట్రక్కు స్టాపులోని వేబ్రిడ్జి మీద ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ విడివిడిగా తూయించండి. ఖాళీ బండిని కూడా అలాగే ముందే తూయించి చీటీ దాచుకొని ఉంటే, ముందు ఇరుసు మీద బరువు తగ్గిందా పెరిగిందా అన్నది రెండు చీటీలు పక్కపక్కన పెడితే కనబడుతుంది. తగ్గితే వెనుక అరల్లోని సరుకును ముందుకు జరపండి. ఖాళీ బండి మీద పెరిగిన మొత్తం బరువు, మనుషులతో సహా, స్టిక్కరు లెక్కను దాటితే మొదట తగ్గించవలసింది నీళ్ళు, తరువాత గిన్నెలు. వెనుక టైర్లలో ఎంత గాలి ఉండాలో ఆ చీటీలోని వెనుక ఇరుసు అంకెను చూసి, టైరు తయారీదారు ఇచ్చిన భారం పట్టిక ప్రకారం సరిచేసుకోండి.